ఇంజను దీపం మళ్ళీ మళ్ళీ వెలిగితే
పాల బండ్ల పొగ పరీక్ష గురించి సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ముందుగా చూసేది పాల రిజిస్టరు, నగదు పుస్తకం, స్టాకు పుస్తకం. కొంతకాలంగా మరొకటి కూడా చూస్తున్నాము. అది పాల బండి డ్రైవరు ఎదుట మీటర్ల మధ్య వెలిగే చిన్న పసుపుపచ్చ దీపం. ఇంజను బొమ్మ ఆకారంలో ఉంటుంది. దీనిని చెక్ ఇంజన్ లైటు అంటారు. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల రూట్లలో తిరిగే బండ్లలో ఈ దీపం వెలిగి ఉండగానే పాలు ఎత్తుకొని పోతున్నవి కొన్ని మా కంట పడినవి. అడిగితే డ్రైవర్లు చెప్పే జవాబు ఒక్కటే. "అది ఎప్పుడూ వెలుగుతాది బాబూ. తీయిస్తాం, మళ్ళీ వస్తాది. పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉంది కద, ఇంకేటి భయం?"

ఈ జవాబులో రెండు పొరపాట్లు ఉన్నవి. దీపాన్ని ఆర్పించడమే మరమ్మతు అనుకోవడం మొదటిది. పొగ సర్టిఫికెట్టు ఉంటే ఇంజను బాగున్నట్టే అనుకోవడం రెండవది. ఈ రెండు పొరపాట్ల వల్ల నష్టపోయేది బండి యజమాని ఒక్కడే కాదు. ఉదయం సాయంత్రం పాలు పోసే సభ్యులు కూడా నష్టపోతారు. అది ఎట్లాగో ఒక సంఘటన ద్వారా మనవి చేస్తాము.

480 లీటర్ల పాఠం

సముద్రం వైపు ఉన్న ఒక రూటులో జరిగిన సంగతి ఇది. సంఘం పేరు, యజమాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ బండికి ఇంజను దీపం వెలిగింది. మెకానిక్కు యంత్రం తగిలించి దీపం ఆర్పాడు. పది రోజులకు మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆర్పాడు. మూడవసారి బ్యాటరీ తీగ విప్పి పెట్టారు, దీపం పోయింది. మే నెలలో ఒక సాయంత్రం 12 క్యాన్లతో, అనగా 480 లీటర్ల పాలతో వస్తుండగా బండి వేగం ఒక్కసారిగా పడిపోయింది. ఎంత తొక్కినా ముందుకు సాగదు. మరొక బండి తెచ్చి క్యాన్లు మార్చి శీతల కేంద్రం చేరేసరికి రెండు గంటలకు పైగా ఆలస్యమయినది. మరిగించి చూస్తే పాలు విరిగిపోయినవి. ఆ పూట 12 క్యాన్ల పాలకూ మంచి పాల ధర రాలేదు.

ఆ తరువాత పాలకవర్గం సమావేశంలో పెద్ద వాదన జరిగింది. యజమాని తన పొగ సర్టిఫికెట్టు తీసి చూపాడు. అది సక్రమంగానే ఉన్నది, గడువు కూడా దాటలేదు. కాని పాలు పోయినవి పోయినట్టే.

చివరకు కారణం బయటపెట్టినది డ్రైవరే. "దీపం ఎప్పుడు వెలిగినా నిండు క్యాన్లతో వచ్చినప్పుడే వెలిగింది, ఖాళీగా వెళ్ళినప్పుడు ఒక్కసారీ వెలగలేదు" అన్నాడు. ఈ ఒక్క మాటతో మెకానిక్కు దృష్టి డీజిలు మీదకు పోయినది. బరువుతో నడిచేటప్పుడు ఇంజనుకు ఎక్కువ డీజిలు కావాలి. ఫిల్టరు పూడుకుపోయి అంత డీజిలు అందడం లేదు. ఫిల్టరు అడుగున నీరు కూడా చేరి ఉన్నది. యజమాని డీజిలు డ్రమ్ముతో కొని తోటలోని షెడ్డులో నిలువ ఉంచుతున్నాడు. సముద్రపు తేమ గాలికి సగం ఖాళీ అయిన డ్రమ్ములో నీరు ఊరింది. ఫిల్టరు మార్చి, నీరు వదిలి, డ్రమ్ము వాడకం మానిన తరువాత దీపం తిరిగి వెలగలేదు. మొదటిసారే ఆ విషయం అడిగి ఉంటే 480 లీటర్ల పాలు దక్కేవి.

ఈ దీపం ఏమి చెబుతుంది?

ఇప్పటి బండ్లలో ఇంజనును ఒక చిన్న కంప్యూటరు నడిపిస్తుంది. గాలి ఎంత వస్తున్నది, డీజిలు ఎంత వత్తిడితో అందుతున్నది, పొగ ఎంత వేడిగా పోతున్నది అనే విషయాలను సెన్సార్లు దానికి ఎప్పటికప్పుడు తెలియజేస్తుంటాయి. పొగలో కాలుష్యం పెరిగే ప్రమాదం ఉన్న లోపం కనబడితే కంప్యూటరు దానికి ఒక అంకె వేసి జ్ఞాపకం పెట్టుకొంటుంది. ఈ అంకెను కోడ్ అంటారు. దీనిని చదివే యంత్రం తగిలించే చోటును ఓ.బి.డి. సాకెట్టు అంటారు. అది స్టీరింగు కింద ఉంటుంది.

మన దేశంలో బి.ఎస్.-4 ప్రమాణాలతో పాటు ఈ స్వయం తనిఖీ ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు దేశమంతటా అమలయినవి. బి.ఎస్.-4 డీజిలులో గంధకం పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళు ఉండవచ్చు, బి.ఎస్.-6 లో అది 10 పాళ్ళకు మించరాదు. ఇంధనం శుభ్రపడింది కనుక పొగను వడకట్టే సున్నితమైన పరికరాలు బండికి చేరినవి. వాటిని కాపలా కాసేదే ఈ దీపం.

కొన్ని కోడ్లు చూడండి. పి-0087 అంటే డీజిలు వత్తిడి తక్కువ. పి-0401 అంటే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోనికి పంపే ఇ.జి.ఆర్. మార్గంలో ప్రవాహం చాలడం లేదు. పి-0300 అంటే సిలిండర్లలో ఇంధనం సరిగా మండడం లేదు. పి-2002 అంటే మసి వడపోత సరిగా పనిచేయడం లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. కోడ్ లక్షణాన్ని చెబుతుందే గాని కారణాన్ని చెప్పదు. మన లాక్టోమీటరు సంగతి తీసుకోండి. రీడింగు తగ్గితే పాలు పలచగా ఉన్నవని తెలుస్తుంది. నీరు కలిసిందా, మేత చాలలేదా, పాలు వేడిగా ఉండగానే పరీక్ష చేశారా అన్నది లాక్టోమీటరు చెప్పదు. దానిని మనమే విచారించాలి. అట్లాగే పి-0401 వచ్చిందని వెంటనే ఇ.జి.ఆర్. కవాటం కొని వేస్తే దండుగ కావచ్చును. గొట్టం పగిలి ఉండవచ్చు, తీగ తెగి ఉండవచ్చు, కవాటానికి మసి పట్టి శుభ్రం చేస్తే సరిపోవచ్చు.

కోడ్ చెరపడం పద్దు చెరపడమే

లోపం ఒకసారి కనబడగానే అన్నివేళలా దీపం వెలగదు. చాలా లోపాల విషయంలో కంప్యూటరు మొదటిసారి గుర్తు పెట్టుకొని, మరుసటి ప్రయాణంలో కూడా అదే కనబడితే అప్పుడు దీపం వెలిగిస్తుంది. సాధారణంగా వరుసగా 3 ప్రయాణాలలో లోపం కనబడకపోతే దీపం తనంతట తానే ఆరిపోతుంది. కోడ్ మాత్రం ఇంజను సుమారు 40 సార్లు చల్లబడి వేడెక్కే వరకు జ్ఞాపకంలో నిలిచి ఉంటుంది. కనుకనే దీపం కొన్నాళ్ళు వెలిగి, కొన్నాళ్ళు ఆరి దోబూచులాడుతుంది. దీపం ఆరినంత మాత్రాన లోపం పోయినట్టు కాదు.

కోడ్తో పాటు కంప్యూటరు మరొక విలువైన సమాచారం దాచి ఉంచుతుంది. లోపం కనబడిన ఆ క్షణంలో బండి ఎంత వేగంతో పోతున్నది, ఇంజను వేడి ఎంత, బరువు ఎంత పడుతున్నది మొదలైన వివరాలు అందులో ఉంటాయి. మెకానిక్కులు దీనిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. పైన చెప్పిన రూటులో డ్రైవరు చెప్పిన మాటే ఈ వివరాలలో మొదటి రోజున కనిపించి ఉండేది. కాని కోడ్ చెరిపినా, బ్యాటరీ విప్పినా అది కూడా తుడిచిపెట్టుకొని పోతుంది. సంఘం లెక్కలలో తేడా వచ్చినప్పుడు ఆ పేజీ చింపివేస్తే తేడా సరిపోదు గదా. తేడా ఎక్కడ వచ్చిందో కనిపెట్టే ఆధారం పోతుంది. అందుచేత ముందు కోడ్ రాసుకోవాలి, వివరాలు రాసుకోవాలి, మరమ్మతు చేయాలి. ఆ తరువాతనే చెరపాలి. ఈ వరుస తప్పకూడదు.

మన రూట్లలో ఎందుకు తరచుగా వస్తుంది?

పాల బండి పని తీరే దీనికి మొదటి కారణం. కిలోమీటరుకు ఒకసారి ఆగాలి. ఇంజను ఆపకుండానే క్యాన్లు ఎక్కించాలి. మళ్ళీ కొద్ది దూరం వెళ్ళి ఆగాలి. ఇంజను కావలసినంత వేడెక్కదు. దానితో ఇ.జి.ఆర్. మార్గంలో, మసి వడపోతలో మసి పేరుకుంటుంది. మసి వడపోతను డి.పి.ఎఫ్. అంటారు. అది నిండినప్పుడు కంప్యూటరు పొగను సుమారు 600 డిగ్రీల వరకు వేడి చేసి ఆ మసిని కాల్చివేస్తుంది. ఇందుకు బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. మధ్యలో ఇంజను ఆపివేస్తే పని సగంలో ఆగిపోతుంది. డి.పి.ఎఫ్. దీపం వెలిగినప్పుడు, క్యాన్లు దింపిన తరువాత ఖాళీ బండిని జాతీయ రహదారి మీద పలాస, టెక్కలి మధ్య ఒకే వేగంతో ఆపకుండా నడిపితే చాలాసార్లు మసి కాలిపోతుంది. ఆ దూరం సుమారు 30 కిలోమీటర్లు గనుక సరిపోతుంది. అప్పటికీ దీపం ఆరకపోతే కంపెనీ వర్క్‌షాపుకు తీసుకొనిపోవాలి.

రెండవ కారణం ఉప్పు గాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాలలో సముద్రం వైపు ఊళ్ళలో బండి నిలిపితే తీగల కొసలకు పచ్చని చిలుము పడుతుంది. సెన్సారు బాగానే ఉన్నా దాని మాట కంప్యూటరుకు చేరదు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఎట్లా తుడిచిపెట్టిందో మనకు తెలుసు. అటువంటి తుపానులలో నీట మునిగిన బండ్లకు తీగల లోపాలు కొన్ని నెలల తరువాత కూడా బయటపడవచ్చు. కాబట్టి సెన్సారు మార్చే ముందు దాని కొస విప్పి చిలుము ఉన్నదా అని చూడమని మెకానిక్కుకు చెప్పండి.

మూడవది ఎలుకలు. కొబ్బరి, జీడి నిలువ ఉండే షెడ్డులలో బండి పెడితే తీగలు కొరుకుతాయి. నాలుగవది దుమ్ము. ఇసుక బాటలలో తిరిగే బండికి గాలి ఫిల్టరు పుస్తకంలో చెప్పిన గడువు కంటె ముందే పూడుకుపోతుంది. ఐదవది నీరు కలిసిన డీజిలు. దాని సంగతి పైన చెప్పితిమి.

పొలానికి వేసే యూరియా పనికిరాదు

కొన్ని బి.ఎస్.-6 బండ్లకు డీజిలుతో పాటు డి.ఇ.ఎఫ్. అనే ద్రవం పోయాలి. కొందరు దానిని యాడ్‌బ్లూ అని కూడా అంటారు. అందులో శుద్ధమైన యూరియా 32.5 శాతం, మిగతాది లవణాలు తీసివేసిన నీరు. "యూరియాయే కదా, మన ఇంట్లో బస్తా ఉన్నది, బావి నీటిలో కలిపి పోస్తే పోలేదా?" అని మమ్మల్ని అడిగిన వారున్నారు. అట్లా ఎంతమాత్రం చేయరాదు. 2015 నుండి పొలాల యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి అయినది. ఆ నూనె, బావినీటిలోని లవణాలు కలిసి పంపును, పొగను శుభ్రపరిచే విలువైన పరికరాన్ని పాడు చేస్తాయి. పైగా సబ్సిడీ యూరియాను వ్యవసాయానికి గాక ఇతర పనులకు వాడడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. డి.ఇ.ఎఫ్. సీలు ఉన్న డబ్బాలోనిదే కొనాలి, నీడలో ఉంచాలి. ద్రవం అయిపోయినా, నాసిరకం పోసినా కంప్యూటరు ఇంజను బలాన్ని తగ్గిస్తుంది. నిండు క్యాన్లతో ఉన్నప్పుడు ఆ స్థితి వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పొగ పరీక్ష ఏమి చూస్తుంది, ఏమి చూడదు?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 లోని 115వ నిబంధన ప్రకారం రిజిస్ట్రేషను అయిన సంవత్సరం తరువాత ప్రతి బండికీ కాలుష్య నియంత్రణ సర్టిఫికెట్టు ఉండాలి. బి.ఎస్.-4, బి.ఎస్.-6 బండ్లకు దాని గడువు 12 నెలలు, అంతకంటె పాత బండ్లకు 6 నెలలు. కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద, 2019 సవరణ ప్రకారం, మొదటి తప్పుకు 3 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. లైసెన్సు మీద కూడా 3 నెలల అనర్హత పడుతుంది. పాలు మోసే మోటారు సైకిళ్ళకు కూడా ఈ సర్టిఫికెట్టు తప్పదని సభ్యులు గుర్తుంచుకోవాలి.

డీజిలు బండికి ఈ పరీక్షలో పొగ నలుపు మాత్రమే కొలుస్తారు. గేరు వేయకుండా ఇంజనును పూర్తిగా తొక్కి వదులుతూ, గొట్టం నుండి వచ్చే పొగ వెలుతురును ఎంత అడ్డుతున్నదో యంత్రంతో చూస్తారు. అట్లా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. బి.ఎస్.-4 డీజిలు బండికి పరిమితి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకంటె పాత బండికి 65. పెట్రోలు బండికి నిలబడి తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనులు కొలుస్తారు.

ఈ పరీక్షలో బండి కంప్యూటరులోని కోడ్లను ఎవరూ చదవరు. బరువుతో నడిచే బండిని పరీక్షించరు. డీజిలు పొగలోని నైట్రోజను ఆక్సైడులను కొలవరు. కనుక ఇంజను దీపం వెలుగుతున్న బండి కూడా పరీక్షలో నెగ్గవచ్చును. మన రేవు దగ్గర క్యాను మూత తీసి వాసన చూడడం వంటిదే ఇది. వాసన బాగుంటే పాలు అప్పటికి చెడలేదని తెలుస్తుంది. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. ఎంతో తెలియాలంటే వేరే పరీక్ష కావాలి. వాసన చూడడం అవసరమే, కాని దానితోనే సరిపెట్టుకోము గదా.

మన పిల్లలు కొందరు ఉన్న అమెరికాలో ఈ విషయంలో కట్టుబాటు వేరు. అక్కడ 1996 నుండి కార్లకు ఓ.బి.డి. రెండవ తరం తనిఖీ ఏర్పాటు తప్పనిసరి అయినది. పొగ పరీక్ష ఉన్న రాష్ట్రాలలో చాలా చోట్ల బండి కంప్యూటరునే చదువుతారు. దీపం వెలుగుతుంటే పరీక్ష తప్పినట్టే. పరీక్షకు ముందు కోడ్లు చెరిపి తీసుకొనిపోయినా దొరికిపోతారు. ఎందుకంటే చెరిపిన తరువాత కంప్యూటరు తన స్వయం తనిఖీలను మళ్ళీ పూర్తి చేయడానికి కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. అవి పూర్తి కాలేదని యంత్రంలో కనబడితే మళ్ళీ రమ్మంటారు. మన దగ్గర ఆ కట్టుబాటు లేదు గనుక దీపం సంగతి చూసుకొనే బాధ్యత పూర్తిగా మన మీదనే పడుతున్నది.

పరీక్షకు వెళ్ళే ముందు

గాలి ఫిల్టరు, డీజిలు ఫిల్టరు చూపించండి. ఇంజను ఆయిలు గడువు దాటనీయకండి. పొగ గొట్టానికి చిల్లులు ఉంటే మూయించండి. చల్లని ఇంజనుతో వెళ్ళక, పావుగంట నడిపి వేడెక్కిన తరువాత పరీక్షకు పెట్టండి. బండి తీసుకొనిపోకుండా సర్టిఫికెట్టు రాయించుకోవడం నేరం, పైగా మనల్ని మనం మోసం చేసుకోవడం. పరీక్ష తప్పితే తిరస్కరణ చీటీ ఇచ్చే పద్ధతి 2021లో వచ్చింది. దానిని పారవేయకండి. అందులోని అంకెలు మెకానిక్కుకు పనికివస్తాయి.

పొగ గొట్టం చిల్లు విషయంలో మరొక మాట. పాలలోని వెన్న చుట్టుపక్కల వాసనలను పట్టుకొంటుంది. సేకరణ కేంద్రం ఎదుట ఇంజను నడుస్తుండగా మూతలు తీసి ఉంచితే డీజిలు వాసన పాలకు అంటుతుంది. ఆగినచోట ఇంజను ఆపడం, మూతలు వెంటనే బిగించడం అలవాటు చేసుకోవాలి.

దీపం వెలిగితే డ్రైవరు ఏమి చేయాలి?

1. ఎర్ర దీపం, అనగా ఆయిలు వత్తిడి గాని, ఇంజను వేడి గాని చూపే దీపం వెలిగితే వెంటనే బండి పక్కకు ఆపి ఇంజను కట్టివేయాలి. ఫోను చేసి మరొక బండి పిలిపించాలి.
2. పసుపు ఇంజను దీపం నిలకడగా వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే ఆ ట్రిప్పు పూర్తి చేయవచ్చు. తరువాతి ట్రిప్పుకు ముందే చూపించాలి.
3. దీపం మినుకుమినుకుమంటూ ఇంజను అదురుతుంటే ఇంధనం సరిగా మండడం లేదన్న మాట. వేగం తగ్గించి, దగ్గరలో ఆపి చూపించాలి.
4. బండి బలం తగ్గి కుంటి నడక నడుస్తుంటే శీతల కేంద్రానికి, సంఘానికి అప్పుడే కబురు చేయాలి. "ఎలాగో చేరుతాములే" అనుకోరాదు. పితికిన పాలు పొదుగు వేడితోనే ఉంటాయి. మన వేసవిలో అవి నిలిచేది కొద్ది గంటలు మాత్రమే.
5. దీపం వెలిగిన తేదీ, చోటు, బండి నిండుగా ఉన్నదా ఖాళీగా ఉన్నదా, వేగం ఎంత అన్నవి వెంటనే రాసి పెట్టాలి.

పాలకవర్గాలకు మా సూచనలు

ట్రక్ షీటులో "ఇంజను దీపం" అని ఒక గడి అదనంగా గీయించండి. డ్రైవరు ప్రతి ట్రిప్పుకూ "లేదు" అని గాని, "వెలిగింది" అని గాని రాసి సంతకం పెట్టాలి. ఇందుకు ఖర్చు ఏమీ లేదు. మెకానిక్కు చదివిన కోడ్ అంకెను అదే షీటు వెనుక రాయించండి. ఒకే కోడ్ రెండవసారి వస్తే, దానిని చెరిపించుకొని రావడాన్ని మరమ్మతుగా ఒప్పుకోకండి. ఏమి విప్పారు, ఏమి మార్చారు, బరువుతో నడిపి చూశారా అని రసీదుతో సహా అడగండి.

బండి కిరాయి ఒప్పందం తిరగరాసేటప్పుడు మూడు షరతులు చేర్చి మినిట్సు పుస్తకంలో తీర్మానం రాయండి. పొగ సర్టిఫికెట్టు నకలు, గడువు తేదీతో, సంఘం కార్యాలయంలో ఉండాలి. దీపం వెలిగిన 2 రోజుల లోపల యజమాని బండిని చూపించి నివేదిక ఇవ్వాలి. మరమ్మతు జరిగినన్ని రోజులు బదులు బండి ఎవరు పెట్టాలో ముందే తేల్చుకోవాలి. షీటులో దీపం సంగతి రాసి ఉండి కూడా బండి చూపించక పాలు చెడితే, ఆ నష్టం ఎవరిదో అప్పుడు వాదన ఉండదు. రాసి లేకపోతే నష్టం చివరకు సభ్యుల మీదనే పడుతుంది. ఇది మేము అనేక సంఘాల పుస్తకాలలో చూసినదే.

యజమానుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కిరాయి బాగా తగ్గించి ఒప్పందం చేసుకొని, ఫిల్టర్లు వేళకు మార్చడం లేదని కోపగించడం న్యాయం కాదు. కిరాయి నిర్ణయించేటప్పుడు నిర్వహణ ఖర్చును కూడా లెక్కలోనికి తీసుకోవాలి. వేళకు మార్చిన ఫిల్టరు ఖరీదు చెడిపోయిన క్యాన్ల ఖరీదు ముందు చాలా చిన్నది.

పొదుగు వాపు వచ్చిన గేదె పాలలో తెట్టు కనబడితే, గుడ్డతో వడగట్టి పోసి ఊరుకొనే రైతు మనలో ఉండడు. పశువుల డాక్టరును పిలిచి పొదుగుకు వైద్యం చేయిస్తాడు. పాల బండి విషయంలోనూ అంతే జాగ్రత్త చూపవలెనని సభ్యులకు, పాలకవర్గాలకు, డ్రైవర్లకు మా మనవి. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టి, ట్రక్ షీటులో ఆ ఒక్క గడి అయినా గీయించండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు మేము దానినే ముందుగా అడుగుతాము.